చిటికెడు ఉప్పు, మూడు రోజుల నీరు: కాంగో పల్లెల బతుకు

కరువు అన్న మాట వినగానే మన కళ్ల ముందు నెర్రెలిచ్చిన చెరువు మెదులుతుంది. ఎముకలు తేలిన ఎడ్లు, ఆకాశం వైపు చూసే రైతు కనిపిస్తారు. అనంతపురం, పాలమూరు సీమలు మన మనసులో ముద్రించిన చిత్రమది. ఆఫ్రికా ఖండం నడిబొడ్డున ఉన్న కాంగోకు ఈ చిత్రం ఏ విధంగానూ అమరదు. భూమధ్యరేఖ ఆ దేశం మీదుగానే సాగుతుంది. అడవి ప్రాంతంలో వాన చినుకు రాలని నెల దాదాపు ఉండదు. ప్రవహించే నీటి పరిమాణంలో అమెజాన్ తర్వాత ప్రపంచంలో రెండో స్థానం కాంగో నదిదే. కొమ్మ విరిచి గుచ్చితే చిగురించే నేల అది. అయినా అక్కడ 2 కోట్ల 50 లక్షలకు పైగా జనం తీవ్రమైన ఆహార కొరతతో అల్లాడుతున్నారని అంతర్జాతీయ ఆహార భద్రతా వర్గీకరణ కొన్నేళ్లుగా ఏటా చెబుతూనే ఉంది.

పచ్చదనం మధ్య ఆకలి ఎలా పుడుతుందన్నదే ఈ వ్యాసంలో మనం తెలుసుకోబోయే విషయం. గనులు, యుద్ధాలు, తిరుగుబాటు దళాల గురించి వార్తాపత్రికలు రాస్తూనే ఉంటాయి. ఆ వార్తల వెనుక ఒక పల్లెటూరి ఇల్లాలు తెల్లవారుజామున లేచి రాత్రి పడుకునే దాకా ఏం చేస్తుందో, ఆమె పొయ్యి మీద ఏం ఉడుకుతుందో, ఏది లేక ఆగిపోతుందో మనకు తెలిసే అవకాశం తక్కువ. మా దృష్టిలో అసలు కథ అక్కడే ఉన్నది.

ముందుగా ఒక చిన్న వివరణ. కాంగో పేరుతో రెండు దేశాలున్నాయి. నదికి ఒక ఒడ్డున బ్రాజవిల్ రాజధానిగా ఉన్న చిన్న దేశం ఒకటి. ఎదుటి ఒడ్డున కిన్షాసా రాజధానిగా ఉన్న పెద్ద దేశం మరొకటి. మనం మాట్లాడుతున్నది ఈ రెండో దానిని గురించి. దీని వైశాల్యం సుమారు 23 లక్షల 45 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన భారతదేశంలో మూడింట రెండు వంతులకు మించినది. జనాభా 10 కోట్లు దాటింది. ఇంత విశాలమైన దేశంలో వానాకాలంలోనూ లారీ నడవగల రోడ్లు బహు స్వల్పం. పల్లెల్లో విద్యుత్తు అందేది నూటికి ఒకరికో ఇద్దరికో మాత్రమే.

అక్కడి పల్లె భోజనానికి ఆధారం కర్రపెండలం. ఇది మనకు కొత్త పంటేమీ కాదు. పెద్దాపురం, సామర్లకోట పరిసరాల్లోని మిల్లులు ఈ దుంపల నుంచే సగ్గుబియ్యం తీస్తాయి. పండుగనాడు మన ఇళ్లలో పాయసంలో తేలే ఆ ముత్యాల వెనుక ఉన్నది ఈ మొక్కే. దీని పుట్టిల్లు బ్రెజిల్. పోర్చుగీసు ఓడలు దీనిని ఒకవైపు కాంగో తీరానికీ, మరొకవైపు మన కేరళ తీరానికీ చేర్చాయి. మనకది పండుగ వంటకమైంది. వారికి అదే అన్నమైంది.

కాంగో రైతు దీనిని నమ్ముకోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి. నిస్సారమైన నేలలో కూడా పండుతుంది. ఎరువు అడగదు. ఏడాది తర్వాత తవ్వుకోవచ్చు, రెండేళ్లు ఆగి తవ్వుకున్నా పెద్దగా చెడదు. నేలే గాదెగా పనిచేస్తుంది. దోపిడీ మూకలు ఊరి మీద పడినప్పుడు ధాన్యపు బస్తాలను ఎత్తుకుపోగలరుగాని, మట్టిలో ఉన్న దుంపలను తవ్వుకుపోయే తీరిక వారికి ఉండదు. అడవిలోకి పారిపోయిన కుటుంబం నెల తర్వాత తిరిగివస్తే, ఇల్లు కాలిపోయినా చేలో దుంప మిగిలి ఉంటుంది. అందుకే యుద్ధం సాగిన ప్రాంతాల్లో ప్రజలు ఈ పంటను మరింత గట్టిగా పట్టుకున్నారు.

కాని ఈ దుంపకు ఒక దుర్గుణం ఉన్నది. దీనిలో తీపి రకం, చేదు రకం అని రెండున్నాయి. తీపి రకాన్ని ఉడికించి తినవచ్చు. చేదు రకంలో సైనైడును విడుదల చేసే పదార్థం ఎక్కువగా ఉంటుంది. పురుగులూ, ఎలుకలూ, అడవి జంతువులూ దాని జోలికి రావు కనుక రైతులు తరచూ ఆ రకాన్నే ఎంచుకుంటారు. పందులు, కోతులు వదిలిపెట్టిన దానిని మనుషులు తినదగినదిగా మార్చుకోవాలి. ఆ మార్చే పని మొత్తం స్త్రీలది.

అడవి నరికి, కాల్చి, చేను సిద్ధం చేసేంతవరకు మగవారి వంతు. ఆపైన నాటడం, కలుపు తీయడం, తవ్వడం ఆడవారి పని. తవ్విన దుంపలను బుట్టకెత్తి, బుట్టకు కట్టిన పట్టీని నుదుటికి ఆనించుకొని, వీపు మీద మోసుకుంటూ మైళ్లు నడుస్తారు. దుంపలను వాగులోనో గుంటలోనో నానవేస్తారు. మూడు నాలుగు రోజులకు అవి పులిసి మెత్తబడతాయి. ఆ పులిసిన వాసన కాంగో పల్లెల్లోని ప్రతి వాగు ఒడ్డునా పరుచుకొని ఉంటుంది. తర్వాత తొక్క తీసి, ముక్కలు చేసి ఎండలో ఆరబెట్టి, రోట్లో దంచి, జల్లెడ పట్టి పిండి చేస్తారు. మరిగే నీటిలో ఆ పిండి పోసి గరిటెతో తిప్పి తిప్పి దించితే ఫుఫు తయారవుతుంది. అచ్చం మన సంకటి ముద్ద వంటిదే. చేత్తో చిన్న ముద్ద తీసుకొని కూరలో అద్దుకొని తింటారు. ఇదే దుంపను మెత్తగా నూరి, ఆకుల్లో చుట్టి ఆవిరి పట్టి క్వాంగా అనే కట్టలు చేస్తారు. అవి చాలా రోజులు నిల్వ ఉంటాయి కనుక ప్రయాణికులకు అదే చద్దిమూట.

కూర కూడా ఆ మొక్క నుంచే వస్తుంది. లేత ఆకులను రోట్లో దంచి, చాలాసేపు ఉడికించి, ఎర్రని పామాయిల్ పోస్తారు. లింగాల భాషలో దీని పేరు పొందు, తూర్పున స్వాహిలీ మాట్లాడేవారు సోంబే అంటారు. చేప దొరికిన రోజున అందులో చేప పడుతుంది. దొరకని రోజున ఆకు, నూనె, ఉప్పు మాత్రమే. ఇంటి కోళ్లు, మేకలు ఉంటాయిగాని వాటిని కోసుకు తినడం అరుదు. జబ్బు చేసినప్పుడు మందు కొనడానికో, బడి ఖర్చుకో, ఇంటికి అతిథి వచ్చినప్పుడో వాటి వంతు వస్తుంది. గుడ్లను పిల్లలకు పెట్టకుండా సంతలో అమ్మి ఉప్పు కొనే తల్లుల గురించి చదివినప్పుడు మన తెలుగు పల్లెల్లోని పెద్దమ్మలు గుర్తుకొస్తారు. ఒక తరం వెనుక మన ఊళ్లలోనూ ఇదే లెక్క ఉండేది.

ఇక ఉప్పు సంగతి. చేను ఇవ్వలేనిది, అడవి ఇవ్వలేనిది, డబ్బుతోనే కొనవలసినది ఉప్పు. సముద్రానికి వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెలో అది ఎంత విలువైనదో మనం ఊహించడం కష్టం. సంతలో దానిని కిలోల లెక్కన అమ్మరు. చిన్న గ్లాసులతో, ఒక్కోసారి చెంచాలతో కొలిచి పొట్లం కడతారు. ఉప్పు రాక పూర్తిగా ఆగిపోయిన యుద్ధ కాలంలో జనం పూర్వీకుల పద్ధతికి మళ్లారు. నీటిమొక్కలను ఎండబెట్టి కాల్చి, ఆ బూడిదను నీటితో వడగట్టి, ఆ నీటిని మరగబెట్టి అడుగున మిగిలిన పొడిని కూరలో వేసుకున్నారు.

ఉప్పు లేకపోతే రుచి పోతుందని మాత్రమే అనుకుంటే పొరపాటు. సరిగా విషం పోని కర్రపెండలం తిన్నప్పుడు శరీరం సైనైడును మరో పదార్థంగా మార్చి బయటికి పంపుతుంది. ఆ పదార్థం థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. అసలే అయోడిన్ తక్కువగా ఉన్న నేల, దానిపైన ఈ ఆహారం. కివూ సరస్సులోని ఇద్జ్వీ దీవిలోనూ, ఉత్తరాన ఉబాంగి ప్రాంతంలోనూ మెడ దగ్గర పెద్ద వాపులతో ఊళ్లకు ఊళ్లే ఉండేవి. తల్లి కడుపులో అయోడిన్ అందక, బుద్ధి వికసించని పిల్లలు పుట్టేవారు. అయోడిన్ కలిపిన ఉప్పు దేశంలోకి రావడం మొదలైన తర్వాతనే ఈ బాధ చాలావరకు తగ్గింది. ఆ సంతలోని చిన్న గ్లాసుడు ఉప్పులో ఒక శిశువు బుద్ధి కూడా కొలవబడుతున్నదని తెలుసుకుంటే, దాని వెల మనకు వేరుగా కనిపిస్తుంది.

ఉప్పు తర్వాత సబ్బు. స్వాహిలీలో దీనిని సబునీ అంటారు. ఉర్దూలో సాబూన్, తెలుగులో సబ్బు. మాట ఒక్కటే, మహాసముద్రం దాటి రెండు ఒడ్లకూ చేరింది. కాంగో పల్లె సంతల్లో సబ్బును పొడవాటి కడ్డీ నుంచి ముక్కలుగా కోసి అమ్ముతారు. ఇందులో ఒక చేదు నిజం దాగి ఉంది. 1911లో ఇంగ్లండుకు చెందిన లీవర్ అనే సబ్బుల వ్యాపారి బెల్జియం ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకొని కాంగోలో తాటిజాతి ఆయిల్‌పామ్ అడవులను చేజిక్కించుకున్నాడు. సన్‌లైట్ సబ్బు ఆయన సరుకే. క్విలూ నది ఒడ్డున లీవర్‌విల్ అని తన పేరుతో ఊరే కట్టించాడు. నేడు దాని పేరు లుసాంగా. ఎత్తయిన చెట్లెక్కి గెలలు కోయడానికి అక్కడి మగవారిని బలవంతంగా పట్టుకుపోయేవారు. ఐరోపా ఇళ్లకు సబ్బును పంపిన నేలలో నేటికీ సబ్బు ముక్కల లెక్కన అమ్ముడుపోతున్నది.

ఈ సరుకులు పల్లెకు ఎలా చేరుతాయి? చాలా చోట్ల సైకిలు మీద. ఆ సైకిలును ఎవరూ తొక్కరు. వందా, నూట యాభై కిలోల బరువు వేసి, హ్యాండిల్‌కు ఒక కర్ర, సీటు వెనుక మరో కర్ర కట్టి, పక్కన నడుస్తూ తోసుకుపోతారు. పోయేటప్పుడు పామాయిల్ డబ్బాలు, బియ్యం, వేరుసెనగ. వచ్చేటప్పుడు ఉప్పు, సబ్బు, బట్ట, బ్యాటరీలు, మాత్రలు. బురదలో, ఎక్కుళ్లలో, విరిగిన వంతెనల మీద రోజుల తరబడి, కొన్ని దారుల్లో వారాల తరబడి ఈ నడక సాగుతుంది. దారిలో కర్ర అడ్డం పెట్టి డబ్బు వసూలు చేసేవారు సరేసరి, వారిలో సర్కారు యూనిఫాం తొడుక్కున్నవారూ ఉంటారు. తూర్పున గోమా పరిసరాల్లో చుకుదూ అనే చెక్క బండి ఉంది. రెండు చెక్క చక్రాలు, ఒక పలక, ఒక హ్యాండిల్. దాని మీద బస్తాలు వేసి కొండ వాలున దిగుతారు. గోమా నగర కూడలిలో ఆ బండి తోసే మనిషికి బంగారు రంగు విగ్రహమే నిలిపారు.

నదే దారి అయిన చోట్ల పడవలున్నాయి. కిన్షాసా నుంచి కిసంగానీ వరకు సుమారు 1,700 కిలోమీటర్ల జలమార్గం. ఇనుప పడవలను ఒకదానికొకటి కట్టి ఒక్క ఇంజను తోస్తుంది. దాని మీదే వందల మంది వండుకు తింటూ, అమ్ముతూ కొంటూ వారాల తరబడి ప్రయాణిస్తారు. దారిలోని పల్లెల నుంచి చిన్న దోనెల్లో జనం ఎదురొచ్చి ఎండుచేప ఇచ్చి ఉప్పు తీసుకుపోతారు. చెక్కతో చేసిన మరబోట్లలో మోతాదుకు మించి ఎక్కించడం వల్ల ఏటా మునకలు, మరణాలు తప్పడం లేదు.

ఈ దేశం మొదటి నుంచీ ఇలాగే ఉన్నదా అంటే, లేదు. 1885 నుంచి 1908 వరకు కాంగో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉండేది. అడవి రబ్బరు తెమ్మని మగవారిని తరిమారు. తెచ్చేదాకా వారి భార్యలను బందీలుగా ఉంచారు. చేలను చూసే స్త్రీలు కొట్టాల్లో బందీలైతే ఇళ్లలో ఆకలి పుట్టక ఏం పుడుతుంది? బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ 1904లో వెలువడిన నివేదికలో ఈ ఘోరాలను, నరికిన చేతులను లోకం ముందు పెట్టాడు. బెల్జియం ప్రభుత్వం పాలన చేపట్టిన తర్వాత 1917 నుంచి నిర్బంధ సాగు వచ్చింది. ప్రతి మగవాడూ ఏడాదిలో 60 రోజులు ప్రభుత్వం చెప్పిన పంట పండించాలి. అది అనేక చోట్ల పత్తి. పత్తిని తినలేమన్న సంగతి మన రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు.

1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. పల్లెల్లో గ్రీకులు, పోర్చుగీసులు, భారత ఉపఖండం నుంచి వెళ్లిన వర్తకులు దుకాణాలు నడిపేవారు. రైతు పంట కొని ఉప్పు, బట్ట అమ్మేవారు. వారిలో మోసం చేసినవారు లేకపోలేదు. 1973లో అధ్యక్షుడు మొబుటు ఆ దుకాణాలను, తోటలను లాక్కొని తన అనుయాయులకు పంచిపెట్టాడు. సరుకు అమ్ముకొని, తాళం వేసి వెళ్లిపోయినవారు ఎక్కువ. ఆ తర్వాత కొనే లారీ రాలేదు. లారీ రాని రోడ్డును బాగుచేసేవారూ లేకపోయారు. 1996లో మొదలైన యుద్ధాలు మిగిలినదానిని ధ్వంసం చేశాయి. 2003లో సంధి కుదిరినా తూర్పు ప్రాంతాల్లో తుపాకుల మోత ఇప్పటికీ ఆగలేదు.

ఆ తూర్పుననే మన ధార్మిక సోదరులు అధికంగా ఉన్న మనియేమా ప్రాంతం ఉంది. జాంజిబార్ నుంచి వచ్చిన అరబ్బు, స్వాహిలీ వర్తకుల ద్వారా పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడికి ఇస్లాం చేరింది. వారిలో ప్రసిద్ధుడు హమీద్ బిన్ ముహమ్మద్ అల్ ముర్జబీ. తిప్పు తిప్ అన్న మారుపేరుతో చరిత్ర అతన్ని గుర్తుంచుకుంది. కసోంగో పట్టణం అతని స్థావరం. ఇక్కడ మనం మాట దాచకూడదు. అతడు ఏనుగు దంతాలతోపాటు మనుషులను కూడా సరుకుగా మార్చినవాడు. అతని దండ్లు ఊళ్లను కాల్చాయి. కలిమా చదివినవాడు చేసినంత మాత్రాన ఆ పని మరొక పేరు సంతరించుకోదు. అదే వర్తకుల వెంట వరి సాగు వచ్చింది, ఖుర్ఆన్ పఠనం వచ్చింది, స్వాహిలీ భాష వచ్చింది. అణగారిన ప్రజలు ఆ ధర్మాన్ని స్వీకరించి, వర్తకులు ఓడి వెళ్లిపోయిన తర్వాత కూడా దానిని నిలుపుకున్నారు. 1892 నుంచి 1894 వరకు సాగిన యుద్ధంలో లియోపోల్డ్ సేనలు అరబ్బులను ఓడించాయి. ఆ మీదట వలస పాలకులు పాఠశాలలను క్రైస్తవ మిషన్ల చేతిలో పెట్టారు. తమ బిడ్డ విశ్వాసం మారుతుందన్న భయంతో అనేక ముస్లిం కుటుంబాలు బడికి పంపలేదు. ఫలితంగా గుమస్తాలు, ఉపాధ్యాయులు, వైద్య సహాయకులు వారిలోంచి రాలేదు. అక్షరం లేని లేమి అలా తరం నుంచి తరానికి దిగింది.

ప్రాంతీయ కేంద్రమైన కిందూ నుంచి కసోంగో రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. ఆ దారిన పోయే సైకిళ్ల వరుసలోనే అక్కడి మస్జిద్‌లకు దీపపు బ్యాటరీలూ, ఇళ్లకు చక్కెరా చేరాలి. భూమధ్యరేఖకు దగ్గర కనుక పగలూ రాత్రీ ఏడాదంతా ఇంచుమించు సమానం. రంజాన్ ఏ నెలలో వచ్చినా ఉపవాసపు పొద్దు పెరగదు, తరగదు. సహరీకి లేచే తల్లి మాత్రం ముందటి పగలే పిండి దంచి ఉంచుకోవాలి, నీళ్లు తెచ్చుకోవాలి. పసుపు పచ్చని ప్లాస్టిక్ డబ్బాలతో ఊట దగ్గర వరుసలో నిలబడే పని ఉపవాసంలోనూ తప్పదు.

ఇంత లేమిలోనూ వారు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కాంగోలో పదిహేనో అధికరణం అనే ఒక వేళాకోళపు మాట ఉంది. ప్రభుత్వం ఏమీ ఇవ్వదు, నీ తంటాలు నీవు పడు అని దాని అర్థం. ఆ తంటాలలో మాకు మిక్కిలి నచ్చినది లికెలెంబా. మన చిట్టీ వంటిదేగాని పాట ఉండదు, వడ్డీ ఉండదు. పదిమంది స్త్రీలు వారం వారం సమానంగా వేసి, ఒక్కో వారం ఒకరికి మొత్తం ఇస్తారు. ఆమె దానితో ఒక డబ్బా నూనె కొని చిల్లరగా అమ్ముతుంది, లేదా పిల్లవాడి బడి ఖర్చు కడుతుంది. 2019లో ప్రాథమిక విద్య ఉచితమని ప్రభుత్వం ప్రకటించేవరకు ఉపాధ్యాయుని జీతంలో పెద్ద భాగం తల్లిదండ్రుల జేబు నుంచే పోయేది. ఉచితం అయ్యాక గదులు కిక్కిరిశాయి. బల్లలు, పుస్తకాలు ఆ వేగంతో రాలేదు.

ఇప్పుడు మనం దేశపు తూర్పు అంచు వదిలి, నైరుతి మూలన ఉన్న క్వాంగో, క్విలూ ప్రాంతాలకు వెళ్దాం. పైన చెప్పుకున్న లేమి అంతా ఒకచోట కూడితే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

అక్కడ కొంజో అనే వ్యాధి ఉంది. యాకా ప్రజల భాషలో ఆ మాటకు కట్టివేసిన కాళ్లు అని అర్థం చెబుతారు. నిన్నటిదాకా పరుగెత్తిన బాలిక నేడు లేవబోతే కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. నొప్పి ఉండదు, తెలివి తప్పదు. కాళ్లు మాత్రం మరెన్నటికీ మామూలుగా రావు. కొందరు మునివేళ్ల మీద, మోకాళ్లు ఒరుసుకుంటూ కర్రతో నడుస్తారు. కొందరు పాకుతారు. పాలు మాన్పించిన పిల్లలు, బిడ్డలను కనే వయసు స్త్రీలు దీనికి ఎక్కువగా బలి అవుతారు. ఇటలీ వైద్యుడు ట్రోలీ 1938లోనే దీనిని వర్ణించాడు. మన దేశంలో కరువు రోజుల్లో కేసరిపప్పే తిండిగా బతికిన పేదలకు కాళ్లు పడిపోయిన వ్యాధితో దీనిని వైద్యులు పోల్చుతారు.

కారణం కర్రపెండలమే. రెండు షరతులు కలిసినప్పుడు అది విరుచుకుపడుతుంది. దుంపలో విషం పూర్తిగా పోకపోవడం మొదటిది. ఆ మిగిలిన విషాన్ని విరగ్గొట్టడానికి శరీరానికి కావలసిన మాంసకృత్తులు తినకపోవడం రెండవది. చేపో, చిక్కుడు గింజలో, గుడ్డో పళ్లెంలో ఉంటే శరీరం చాలావరకు తట్టుకుంటుంది. ఆకూ, ముద్దా మాత్రమే ఉంటే తట్టుకోలేదు.

మరి తరతరాలుగా మూడు రోజులు నానబెట్టిన స్త్రీలు ఎందుకు తప్పారు? ఇక్కడే మా మనసును కలచివేసిన విషయం ఉంది. కిన్షాసా నుంచి కిక్విత్ వరకు సుమారు ఐదు వందల కిలోమీటర్ల తారు రోడ్డు పడింది. రోడ్డు వస్తే లేమి తీరుతుందని ఎవరైనా అంటారు. లారీలు వచ్చాయి. మహానగరానికి పిండి దుంపలు కావాలి. దళారి నగదు చూపాడు. లారీ వచ్చే రోజుకు బస్తాలు సిద్ధంగా ఉండాలి. ఉప్పు కొనాలన్నా, మందు కొనాలన్నా, బడికి కట్టాలన్నా ఈ ఇంటికి వేరే నగదు లేదు. మూడు రోజుల నానుడు రెండయింది, కొన్ని ఇళ్లలో ఒక్కటే అయింది. ముక్క తెల్లగా, బాగానే కనిపించింది. అమ్మగా మిగిలినది ఇంట్లోకి వచ్చింది. నగరంలో తినేవారికి పక్కన చేపో చిక్కుడో ఉంది కనుక వారికి ఏమీ కాలేదు. పండించిన ఇంట్లో పిల్లల కాళ్లు పోయాయి. 1990ల ఆరంభంలో కాంగో శాస్త్రవేత్త బనేయా మయాంబు, స్వీడన్ వైద్యులు టిల్లెస్కార్, హాన్స్ రోస్లింగ్ బృందాలు ఈ సంగతిని పరిశోధించి వెల్లడించాయి.

రోస్లింగ్ తన పుస్తకంలో ఒక సంఘటన రాశారు. 1989లో ఆయన మకాంగా అనే పల్లెలో రక్త నమూనాలు తీయడానికి వెళ్లారు. రక్తం అమ్ముకుంటాడని ఊరివారు అనుమానించారు. కత్తులు పట్టుకొని చుట్టుముట్టారు. అప్పుడు చెప్పులు లేని ఒక పెద్దావిడ ముందుకు వచ్చి జనం వైపు తిరిగి నిలబడింది. మన పిల్లలు తట్టుతో పోయేవారు కదా, టీకా వచ్చి ఆ చావులు ఆగాయి కదా, ఆ టీకా చెట్టుకు కాసిందా అని అడిగింది. ఈ డాక్టరు చేస్తున్నది కూడా అలాంటి పనే, మన బిడ్డల కాళ్లు ఎందుకు పోతున్నాయో కనుక్కోవడానికి రక్తం కావాలి అన్నది. ఆపైన తన చెయ్యి చాచి ముందు నా రక్తం తీయండి అన్నది. కోపంతో వచ్చినవారే ఆమె వెనుక వరుస కట్టారు. ఆమెకు చదువు లేదని, తన ఊరు దాటి పోయి ఉండదని రోస్లింగ్ అభిప్రాయం. లేమిలో ఉన్నవారికి ఆలోచన తక్కువని అనుకొనే వారందరూ ఆమె గురించి చదవాలి.

ఆ పరిశోధన వృథా పోలేదు. ఆస్ట్రేలియాలోని జాతీయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త హోవర్డ్ బ్రాడ్‌బరీ ఒక తేలికైన పద్ధతి కనిపెట్టారు. పిండిని గిన్నెలో పోసి, ఎంత ఎత్తు వచ్చిందో లోపలి వైపు గీత గీయాలి. కొంచెం కొంచెంగా నీళ్లు పోసి కలపాలి. పిండి మొదట దిగి, తర్వాత మళ్లీ గీత దాకా లేస్తుంది. ఆ తడి పిండిని చాప మీద వేలు మందానికి మించకుండా పలుచగా పరచాలి. ఎండలో రెండు గంటలు, నీడలో ఐదు గంటలు. మిగిలిన విషం గాలిలో కలిసిపోతుంది. అదే రోజు ఆ పిండితో ఫుఫు వండాలి.

క్వాంగోలోని పోపోకబాకా ఆరోగ్య మండలంలో కే కలెండా అనే పల్లె ఉంది. అక్కడ 2010 నుంచి బనేయా బృందం స్త్రీలకు ఈ పద్ధతి నేర్పింది. అది సాగిన కాలంలో ఆ ఊళ్లో కొత్తగా ఒక్క కొంజో కేసూ రాలేదు. తర్వాత అది చుట్టుపక్కల పల్లెలకు విస్తరించింది. చేదు పోయి ముద్ద రుచిగా ఉంటున్నదని ఆ ఇల్లాళ్లు చెప్పారు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. దీనికి కావలసినవి ఒక గిన్నె, ఒక చాప, నీళ్లు. అంతకు ముందు కాళ్లు పోయినవారు ఆ పల్లెల్లో ఇప్పటికీ కర్రలతోనే నడుస్తున్నారు. వాగు ఒడ్డున దుంపలు నానుతున్నాయి. లారీ వచ్చే రోజు మాత్రం మారలేదు. అందుకే అమ్ముడుపోగా మిగిలిన పిండి సాయంత్రం గుడిసె ముందు చాప మీద పరచి ఉంటుంది, పక్కన కోళ్లను అదిలిస్తూ ఎవరో ఒక చిన్న పాప కూర్చొని ఉంటుంది.